జనాభా అంచనాలు ఎలా కడతారు? పుట్టుక, చావు, వలసల లెక్క మీద తరచుగా అడిగే ప్రశ్నలు

2050కి ఇంతమంది, 2100కి ఇంతమంది అని పేపర్లో చదివి, ఆ అంకె ఎక్కడి నుంచి ఊడిపడిందా అని ఆలోచించేవారి కోసం ఈ పేజీ. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్, సివిల్ ఇంజనీరింగ్ చదివేవారినీ, మున్సిపల్ ప్రణాళిక పనుల్లో ఉన్నవారినీ దృష్టిలో పెట్టుకుని రాశాం. సూత్రాలు ఏ దేశానికైనా ఒకటే. ఉదాహరణలు మాత్రం చాలావరకు కృష్ణానదికి అటూ ఇటూ ఉన్నవే.

ముప్పై ఏళ్ల తర్వాత ఎంతమంది ఉంటారో ఇప్పుడే ఎలా చెబుతారు? జోస్యమేగా?

జోస్యం కాదు, షరతుల మీద నడిచే లెక్క. పిల్లల్ని కనే తీరు ఇలా ఉంటే, ఆయుర్దాయం ఇంత పెరిగితే, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఇంతమంది అయితే అప్పటికి జనాభా ఇంత అవుతుంది అని చెప్పడం వరకే. షరతు మారిస్తే అంకె మారుతుంది.

లెక్కకు మూలం ఒక్క వరుస: ఇప్పటి జనాభాకు పుట్టినవారిని కలిపి, చనిపోయినవారిని తీసేసి, బయటి నుంచి వచ్చినవారిని కలిపి, వెళ్లిపోయినవారిని తీసేయాలి. ఇవి కాక జనాభా మారడానికి వేరే దారి లేదు.

పైగా అనుమానం అంతా ఒకేచోట ఉండదు. 2050లో 30 ఏళ్లు దాటి ఉండబోయేవాళ్లంతా ఇప్పటికే పుట్టేశారు. వాళ్లలో ఎంతమంది మిగులుతారో, ఎక్కడ ఉంటారో చూసుకుంటే చాలు. అసలు చిక్కంతా ఇంకా పుట్టనివాళ్లతోనే.

సివిల్‌లో అరిథ్మెటిక్ ఇంక్రీజ్, జామెట్రిక్ ఇంక్రీజ్ పద్ధతులు చెప్పారు. అవి చాలవా?

తాగునీటి పథకానికి తొందరగా ఒక అంకె కావాలంటే పనికొస్తాయి. కానీ వాటి మధ్య తేడా ఎంత వస్తుందో ఒకసారి చూడండి. విజయవాడ నగర జనాభా సుమారుగా 1991లో 7.02 లక్షలు, 2001లో 8.51 లక్షలు, 2011లో 10.34 లక్షలు. దశాబ్దానికి సగటు పెరుగుదల 1.66 లక్షలు. ప్రతి దశాబ్దానికీ ఇదే సంఖ్యను కలుపుకుంటూ పోయే అరిథ్మెటిక్ పద్ధతిలో 2041కి 15.3 లక్షలు వస్తుంది. ఒకే శాతం చొప్పున పెంచుకుంటూ పోయే జామెట్రిక్ పద్ధతిలో దశాబ్దానికి 21.4 శాతం చొప్పున కడితే 18.5 లక్షలు. తేడా దాదాపు 3.2 లక్షల మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన, రోజుకు 4.3 కోట్ల లీటర్ల నీరు. ఒక పద్ధతిని నమ్మితే ఆ నీరు అక్కర్లేదు, రెండోదాన్ని నమ్మితే అది లేకపోతే కొళాయిలు ఎండిపోతాయి.

ఈ రెండు పద్ధతులకూ ఒకే లోపం. ఊళ్లో ఉన్నది పాతికేళ్లవాళ్లా అరవై ఏళ్లవాళ్లా అన్నది వాటికి పట్టదు. పెరుగుదల పురుళ్ల వల్ల వచ్చిందా, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల వల్లా, లేక పక్క గ్రామాలను కలుపుకోవడం వల్లా అన్నదీ పట్టదు. మూడింటికీ భవిష్యత్తు వేరు.

దేశాలు, ఐక్యరాజ్యసమితి వాడే పద్ధతి ఏమిటి? లెక్క చేసి చూపించండి.

కోహార్ట్ కాంపొనెంట్ పద్ధతి. కోహార్ట్ అంటే ఒకే కాలంలో పుట్టినవారి జట్టు. 1895లో ఎడ్విన్ కానన్ ఇంగ్లండ్, వేల్స్‌ల కోసం ఈ తరహా లెక్క వేశారు. 1920ల్లో అమెరికాలో వెల్ప్‌టన్ దాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. 1945లో లెస్లీ మాత్రికల రూపంలో రాశారు. కంప్యూటర్లు మారాయి కానీ ఎముకల గూడు ఇప్పటికీ అదే.

ముందు జనాభాను ఆడ, మగ వేరుచేసి ఐదేళ్ల వయసు వర్గాలుగా విడగొట్టాలి: 0–4, 5–9, అలా 80 పైబడినవారి దాకా. తర్వాత ప్రతి వర్గాన్నీ ఐదేళ్లు ముందుకు జరపాలి. 20–24 ఏళ్ల స్త్రీలు 10,00,000 మంది ఉన్నారనుకుందాం. లైఫ్ టేబుల్ (ఏ వయసువారిలో ఎంతమంది బతుకుతారో చూపే పట్టిక) ప్రకారం వారు ఐదేళ్లు బతికే నిష్పత్తి 0.994 అయితే 9,94,000 మంది 25–29 వర్గంలోకి చేరతారు. ఇక్కడ సులువు కోసం వలసను మొత్తం చివర్లోనే తీసేద్దాం: ఆ ఐదేళ్లలో నికరంగా 20,000 మంది బయటికి వెళ్తే మిగిలేది 9,74,000.

ఇప్పుడు పురుళ్లు. 25–29 వర్గంలో మొదట 9,50,000 మంది ఉండి, చివరికి 9,74,000 అయ్యారనుకుంటే సగటు 9,62,000. ఆ వయసు స్త్రీలు వెయ్యిమందికి ఏడాదికి 130 మంది పిల్లలు పుడుతుంటే, ఏటా 1,25,060 మంది, ఐదేళ్లకు 6,25,300 మంది. 15 నుంచి 49 దాకా ఉన్న ఏడు వర్గాలకూ ఇలాగే కట్టి కూడాలి. పుట్టినవారిలో 205 మందికి 100 మంది ఆడపిల్లలు. పై వర్గం వరకే చూస్తే 3,05,000 మంది. వారిలో ఐదేళ్ల చివరికి మిగిలే నిష్పత్తి 0.97 అయితే సుమారు 2,96,000 మంది 0–4 గడిలోకి వస్తారు. ఇక్కడికి ఒక మెట్టు. 2026 నుంచి 2056కి చేరాలంటే ఆరు మెట్లు ఎక్కాలి.

మొదటిసారి చేసేవాళ్లు తప్పేచోట్లు దాదాపు అందరికీ ఒకటే. సగటు స్త్రీల సంఖ్యకు బదులు మొదటి సంఖ్యనే వాడతారు. ఏడాది రేటును ఐదుతో గుణించడం మరిచిపోతారు. వలసను మొత్తం చివర్లో తీసేస్తారు. వెళ్లినవాళ్లు మధ్యలోనే వెళ్లారు కదా, వాళ్ల పురుళ్లు ఇక్కడ జరగవు. అందుకే సగం వలసను మెట్టు మొదట్లో, సగం చివర్లో పెడతారు. ఇక 80 పైబడిన గడిలోకి 75–79 వారితో పాటు, ముందే అందులో ఉండి బతికినవారినీ కలపాలి. ఇది మరిచిపోతే దేశంలో ముసలివాళ్లంతా ఐదేళ్లకోసారి మాయమైపోతారు.

పుట్టుక, చావు, వలస మూడింటిలో దేన్ని ఎక్కువగా పట్టించుకోవాలి?

ఎంత పెద్ద ప్రాంతం, ఎంత దూరం అన్నదాన్ని బట్టి. భారతదేశమంత పెద్ద దేశానికి, యాభై అరవై ఏళ్ల దూరానికి పురుళ్ల రేటే అన్నిటినీ శాసిస్తుంది. మరణాల రేటు నెమ్మదిగా, చాలావరకు ఊహించగల దారిలో కదులుతుంది. వలస మాత్రం ప్రాంతం చిన్నదయ్యేకొద్దీ పెద్దదవుతుంది: దేశానికి చిల్లర, రాష్ట్రానికి గణనీయం, విజయవాడకు నిర్ణాయకం. గల్ఫ్ దేశాల్లోనూ ఇంతే. ఖతార్, యూఏఈల జనాభాలో అత్యధికులు బయటి నుంచి వచ్చినవారే కాబట్టి అక్కడ పురుళ్ల రేటు చూసి 2050 చెప్పాలనుకోవడం వృథా.

అందుకే దేశం అంచనాను తెచ్చి జిల్లాకు వాటా వేసి పంచడం మాకు నచ్చని పని. ప్రాంతాన్ని బట్టి జాగ్రత్త పడవలసిన చోటు మారుతుంది.

టీఎఫ్ఆర్ అంటే ఏమిటి? 2.1 దగ్గరే గీత ఎందుకు గీస్తారు?

ఈ ఏడాది రకరకాల వయసుల స్త్రీలు కంటున్న తీరే ఒక స్త్రీ జీవితమంతా కొనసాగితే ఆమెకు ఎంతమంది పిల్లలు పుడతారో అదే టీఎఫ్ఆర్, టోటల్ ఫెర్టిలిటీ రేటు. అసలు ఏ స్త్రీ జీవితమూ అచ్చంగా ఆ లెక్కలో నడవదు. ఒక్క ఏడాది ఫొటో అది.

గీత సంగతి. తల్లి స్థానంలోకి ఒక కూతురు రావాలి. 205 పుట్టుకల్లో 100 మంది ఆడపిల్లలు కాబట్టి ఒక కూతురికి 2.05 పుట్టుకలు కావాలి. ఆ కూతుళ్లలో వందకు 97 మంది తల్లులయ్యే వయసుకు చేరితే 2.05ను 0.97తో భాగించాలి, 2.11 వస్తుంది. ఈ 2.1 అన్నిచోట్లా చెల్లదు. వంద మంది ఆడపిల్లలకు 110 మంది మగపిల్లలు పుట్టే చోట, వందకు 95 మంది ఆడపిల్లలే పెద్దయ్యే చోట అది 2.2 దాటుతుంది. ఆడపిల్ల వద్దనుకునే సమాజం జనాభాను నిలబెట్టుకోవడానికి ఎక్కువ పురుళ్లు పోసుకోవాలన్నమాట.

దేశం టీఎఫ్ఆర్ 2కి పడిపోయిందంటున్నారు. మరి జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోంది?

కనే వయసులో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉండటం వల్ల. పాతికేళ్ల కిందట ఎక్కువమంది పిల్లలు పుట్టారు, వాళ్లు ఇప్పుడు తల్లిదండ్రులవుతున్నారు. ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా మొత్తం పుట్టుకలు ఎక్కువే. చనిపోయే వయసులో ఉన్న తరం మాత్రం చిన్నది. ఈ ఊపును పాపులేషన్ మొమెంటమ్ అంటారు. బ్రేక్ వేసిన గూడ్సు బండి వెంటనే ఆగదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5)లోనూ, 2020 నమూనా నమోదు పథకం (ఎస్‌ఆర్‌ఎస్)లోనూ భారత్ టీఎఫ్ఆర్ 2.0. అయినా ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల్లో మన జనాభా 2060ల్లో 170 కోట్ల దగ్గర శిఖరానికి చేరి, 2100 నాటికి 150 కోట్లకు దిగుతుంది. ఆరోగ్య మంత్రిత్వ శాఖ టెక్నికల్ గ్రూపు అంచనాలో 2036కి 152.2 కోట్లు. రెండింటి షరతులూ వేరు, మొదలుపెట్టిన ఏళ్లూ వేరు. ఒకదాని అంకెను రెండోదాని పక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అని రాయకూడదు.

మన రాష్ట్రానిది 1.5 అని ఒకచోట, 1.7 అని ఇంకోచోట ఉంది. ఏది నిజం?

రెండూ. 2020 ఎస్‌ఆర్‌ఎస్ ఆంధ్రప్రదేశ్‌కు 1.5 చూపింది. 2019–21లో జరిగిన ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 1.7 చూపింది. ఎస్‌ఆర్‌ఎస్ ఎంపిక చేసిన గ్రామాల్లో, వార్డుల్లో పుట్టుకలనూ చావులనూ ఏడాది పొడవునా నమోదు చేస్తుంది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ సర్వేలో స్త్రీలను వాళ్ల పురుళ్ల చరిత్ర అడుగుతారు, సర్వేకు ముందు మూడేళ్ల సగటు తీస్తారు. తీరు వేరు కాబట్టి అంకె వేరు.

తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాలం దాన్ని పెంచుతుంది. 2.1 నిలకడ అయితే 1.5 దగ్గర వంద మంది ఆడపిల్లలకు తర్వాతి తరంలో 71 మంది, ఆ తర్వాతి తరంలో 51 మంది. అదే 1.7 దగ్గర 81, ఆ పైన 66. తరానికి 28 ఏళ్లనుకుంటే యాభై ఆరేళ్లలో ఒక లెక్క ప్రకారం సగమవుతారు, ఇంకో లెక్క ప్రకారం మూడోవంతు తగ్గుతారు. కాబట్టి దూరపు అంచనాల్లో మొదట వెతకవలసింది టీఎఫ్ఆర్ ఎక్కడ ఆగుతుందనుకున్నారన్నదే.

ప్రభుత్వం ఎక్కువమందిని కనమంటే రేటు పెరుగుతుందా?

2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను తీసేసింది. అది పోటీకి అర్హత గురించిన మార్పు. దాని వల్లే పురుళ్లు పెరుగుతాయని లెక్కలో రాసుకోవడం తొందరపాటు. దక్షిణ కొరియా ఎన్నో ఏళ్లుగా ప్రోత్సాహకాలు ఇస్తున్నా 2023లో అక్కడి టీఎఫ్ఆర్ 0.72.

మనకు ఇంకో ప్రత్యేకత ఉంది, బయటి నమూనాలు దాన్ని పట్టుకోలేవు. కొరియాలో ఆలస్యంగా పెళ్లాడి, కొందరు అసలు పెళ్లే చేసుకోక రేటు పడింది. ఆంధ్రాలో దారి వేరు: తొందరగా పెళ్లి, వెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. 20–24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. ఆపరేషన్ అయినవారికి ప్రోత్సాహకం ఇచ్చి లాభం లేదు, అది ఇంకా పెళ్లికాని తరం మీదే పనిచేయాలి.

ఆ తరం చదువు కోసం పెళ్లి వాయిదా వేస్తోంది. వాయిదా పడుతున్న కాలంలో టీఎఫ్ఆర్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. తల్లుల సగటు వయసు ఏటా 0.1 ఏడాది చొప్పున పెరుగుతుంటే, కనిపించే 1.5ను 0.9తో భాగించాలి, 1.67 వస్తుంది. 1998లో బొంగార్ట్స్, ఫీనీ చూపిన సవరణ ఇది. మనవైపు పెళ్లి వయసు పెరగడానికి ఇంకా చోటుంది కనుక, అంకె ఇంకొంచెం పడి మళ్లీ లేస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆయుర్దాయం పెరిగితే జనాభా బాగా పెరుగుతుందా?

ఒకప్పుడు పెరిగింది, ఇకముందు అంతగా పెరగదు. 1911–21 దశాబ్దంలో భారత జనాభా 25.2 కోట్ల నుంచి 25.1 కోట్లకు తగ్గింది. 1918 ఇన్‌ఫ్లుయెంజా దానికి ముఖ్య కారణం. 1901 తర్వాత జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే. ఆ తర్వాత పెరుగుదలంతా చావులు తగ్గడం వల్ల వచ్చిందే, పిల్లల్ని ఎక్కువగా కనడం వల్ల కాదు. 2016–20కి సగటు ఆయుర్దాయం 70 ఏళ్లు.

ఇకపై ఎంత మారుతుందో కట్టి చూద్దాం. 2020లో శిశు మరణాల రేటు వెయ్యికి 28. అది 10కి తగ్గితే వెయ్యికి 18 మంది అదనంగా బతుకుతారు, అంటే 1.8 శాతం. లెక్క ప్రకారం టీఎఫ్ఆర్ 2.0 నుంచి 2.036 అయినట్టు. అదీ ఒక్కసారే. మిగతా ఆయుర్దాయమంతా అరవై దాటినవాళ్లకు చేరుతుంది. వాళ్లు ఎక్కువ కాలం బతికితే తలల సంఖ్య కొంత పెరుగుతుంది కానీ కొత్త పుట్టుకలు రావు.

అందుకే చావుల అంచనాతో మొత్తం జనాభా కంటే వయసుల వాటాయే ఎక్కువ మారుతుంది. టెక్నికల్ గ్రూపు లెక్కలో 60 దాటినవారి వాటా 2011లో 8.4 శాతం, 2036కి 14.9. ఆసుపత్రి మంచాలు, పింఛన్లు, ఇంటికొచ్చి చూసే నర్సులు లెక్కేసేవారికి 152 కోట్ల కంటే ఈ 14.9 ముఖ్యం.

కోవిడ్ దీర్ఘకాలపు లెక్కను మార్చేసిందా?

ఆయుర్దాయాన్ని కొంతకాలం కిందికి లాగింది. చనిపోయినవారిలో ఎక్కువమంది పెద్ద వయసువారు కాబట్టి యాభై ఏళ్ల లెక్కలో పెద్దగా కనిపించదు. జనాభా శాస్త్రానికి అది చేసిన పెద్ద నష్టం 2021 జనగణన ఆగిపోవడం.

వలస లెక్క ఎందుకంత కష్టం?

పుట్టుకకు సర్టిఫికెట్ ఉంది, చావుకూ ఉంది. కర్నూలులో బస్సెక్కి గుంటూరు జిల్లాలో దిగినందుకు ఏ కాగితమూ ఉండదు. పైగా మనిషి ఒకసారే పుడతాడు, వలస మాత్రం ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు.

2011 జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా జరిగింది. అది గుంటూరు, పల్నాడు చేలల్లో మిరప కోత ముమ్మరంగా ఉండే కాలం. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే కోతకు వస్తాయి. ఆ రోజులన్నీ సొంతూళ్లో లేనివారిని దొరికినచోట లెక్కపెట్టాలన్నది నిబంధన. అలా వాళ్లు ఇక్కడ లెక్కలోకి వచ్చి అక్కడ తగ్గుతారు. ఆ అంకెను వారి శాశ్వత నివాసంగా తీసుకుని ముందుకు జరిపితే వాళ్ల పిల్లల బడిగదులు కూడా ఇక్కడే కట్టవలసి వస్తుంది.

విజయవాడకు హాస్టళ్లది ఇలాంటి చిక్కే. చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ ఇంటర్ కాలేజీల వల్ల 15–19 గడి ఉబ్బి కనిపిస్తుంది. ఫిబ్రవరిలో పిల్లలంతా పరీక్షల ముందు హాస్టళ్లలోనే ఉంటారు. ఆ ఆడపిల్లల్ని ఐదేళ్లు ముందుకు జరిపి 20–24లో, ఆపైన 25–29లో పెడితే నగరంలో లేని పురుళ్లు వేలల్లో పుట్టుకొస్తాయి. హాస్టల్ జనాభాను విడిగా తీసి, ఎప్పటికప్పుడు మారే పిల్లలతో అదే సంఖ్య నిలిచి ఉంటుందని పెట్టి, మిగతా జనాభాను మాత్రమే వయసు పెంచుకుంటూ పోవాలి.

ఆడవాళ్ల వలసలో పెద్ద భాగం పెళ్లి వల్లే. ఊరు మారినా అది చాలావరకు జిల్లాలోపలే, లేదా పక్క జిల్లాకే. దీన్ని ఉపాధి వలసతో కలిపి సగటు తీయకూడదు.

ఇక్కడి నుంచి ఎంతోమంది పిల్లలు అమెరికా వెళ్లారు. దేశం లెక్క తగ్గదా?

దేశానికి తగ్గినా తెలియదు. 140 కోట్లు దాటిన జనాభాలో ఏటా కొన్ని లక్షల నికర వలస అంటే వెయ్యికి ఒకరు కూడా కారు. కానీ కొన్ని మండలాల్లో పాతికేళ్ల వయసు గడి చూస్తే ఖాళీ తెలుస్తుంది. జనగణన సమయంలో విదేశంలో ఉన్నవారిని ఇక్కడ లెక్కపెట్టరు.

వెళ్లేది దాదాపు అంతా 20–30 ఏళ్లవారు కాబట్టి నష్టం రెండింతలు. వంద మంది స్త్రీలు ఆ వయసులో వెళ్లి స్థిరపడితే, 1.5 రేటు లెక్కన వాళ్లతో పాటు 150 పుట్టుకలూ ఇక్కడి లెక్కలోంచి పోతాయి. అందుకే వలసను మొత్తం సంఖ్యగా కాక వయసుల వారీగా పెట్టాలి. అందుకునే దేశాలకు ఇదే లాభం. 2024 ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం యాభైకి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో రాబోయే దశాబ్దాల పెరుగుదలకు వలసే ముఖ్య ఆధారం.

అమరావతి ప్రభావాన్ని ఎలా పెట్టాలి?

పాత ధోరణిని పొడిగించి మాత్రం కాదు. రాజధాని ప్రాంతంలోని 29 గ్రామాల్లో 2001–2011 పెరుగుదలకూ ఇకముందు జరగబోయేదానికీ సంబంధం లేదు. ఇలాంటిచోట ఉద్యోగాల నుంచి వెనక్కి లెక్కించాలి: ఏ ఏడాదికి ఎన్ని ఉద్యోగాలు, అందులో ఎంతమంది అక్కడే కాపురం ఉంటారు, ఎంతమంది విజయవాడ, గుంటూరు, మంగళగిరి నుంచి రోజూ వచ్చిపోతారు, కుటుంబానికి ఎంతమంది. పనులు రెండేళ్లు వెనకబడితే, ఐదేళ్లు వెనకబడితే ఏమవుతుందో కూడా విడివిడిగా కట్టాలి. ఒకే అంకె చెప్పే నివేదికను నమ్మవద్దు.

గరిష్ఠ, మధ్యమ, కనిష్ఠ అంచనాలంటే?

ఐక్యరాజ్యసమితి పద్ధతిలో మధ్యమ అంచనా టీఎఫ్ఆర్‌కు అర బిడ్డ కలిపితే గరిష్ఠం, అర బిడ్డ తీసేస్తే కనిష్ఠం. చావులు, వలస మారవు. అన్ని దేశాల్లో ఒకేసారి అర బిడ్డ పెరగడమో తగ్గడమో జరగదు కాబట్టి ప్రపంచ స్థాయిలో ఆ రెండు హద్దులూ అతి దూరంగా ఉంటాయి. 80 శాతం, 95 శాతం సంభావ్యతతో ఇచ్చే హద్దులు వాటికంటే మేలు. సున్నా వలస అంచనా కూడా విడిగా ఉంటుంది. మధ్యమం నుంచి దాన్ని తీసేస్తే వలస ఒక్కటే ఎంత మారుస్తుందో తెలిసిపోతుంది.

పాత అంచనాలు ఎంతవరకు నిజమయ్యాయి?

2001 జనగణన మీద కట్టిన అధికారిక అంచనా 2011కి సుమారు 119.3 కోట్లు చెప్పింది, లెక్కపెడితే 121.1 కోట్లు వచ్చింది. పదేళ్లకు ఒకటిన్నర శాతం తేడా మంచి ఫలితమే. దూరం పెరిగితే ఈ ధీమా ఉండదు. చైనాకు 2100లో 76.7 కోట్లని 2022 సంచికలో చెప్పిన ఐక్యరాజ్యసమితి, 2024 సంచికలో 63.3 కోట్లంది. రెండేళ్లలో 13 కోట్ల మంది మాయం. చైనాలో పురుళ్లు అనుకున్నదానికంటే వేగంగా పడిపోవడంతో షరతు మార్చారు, అంతే.

జిల్లా స్థాయిలో లెక్క ఎక్కడ చెడుతుంది?

సరిహద్దుల దగ్గర మొదట. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011లో పాత గుంటూరు జిల్లా జనాభా 48.9 లక్షలు. ఇప్పుడది గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి విడిపోయింది, బాపట్లలో పాత ప్రకాశం ముక్క కూడా ఉంది. గుంటూరు నగరంలోనూ 2012లో పది గ్రామాలు కలిశాయి. కాబట్టి 2001, 2011 అంకెల్ని మండలం, గ్రామం దాకా దింపి, ఇప్పటి సరిహద్దుల్లో తిరిగి కూడిన తర్వాతే పెరుగుదల రేటు తీయాలి.

తర్వాత పుట్టుకల నమోదు. పుట్టుకను జరిగినచోట నమోదు చేస్తారు. పల్నాడు పల్లె తల్లి గుంటూరు పెద్దాసుపత్రిలో ప్రసవిస్తే నమోదు గుంటూరులో. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉండనే ఉంది. నమోదైన పుట్టుకల్ని నగర జనాభాతో భాగిస్తే బెజవాడ, గుంటూరు స్త్రీలు విపరీతంగా కంటున్నట్టు తేలుతుంది. చావులకూ ఇదే తంతు. తల్లి శాశ్వత చిరునామా ప్రకారం విడగొట్టకుండా ఆ అంకెలు వాడకూడదు.

వయసులు కూడా నమ్మదగ్గవి కావు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్లు 50, 55, 60 అని గుండు అంకె చెబుతారు. 2011 తర్వాత జరిగిన సరిచూపు సర్వేలో వెయ్యికి 23 మంది లెక్కలోంచి తప్పిపోయినట్టు తేలింది. ఇలాంటి సర్వేల్లో పసిపిల్లలే ఎక్కువగా తప్పిపోతుంటారు.

2011 తర్వాత జనగణనే లేదు. ఇప్పుడు దేన్ని ఆధారం చేసుకోవాలి?

2027 మార్చి 1 ఆధార తేదీతో తర్వాతి జనగణన నోటిఫై అయింది. అప్పటిదాకా 2011 వయసుల పట్టికను మొదలుగా పెట్టి, ఎస్‌ఆర్‌ఎస్ రేట్లతో 2026 దాకా తెచ్చి, బడి నమోదులతో సరిచూసుకోవాలి. ఆరేళ్ల పిల్లల సంఖ్య ఒకటో తరగతి నమోదుకు బాగా దూరంగా ఉంటే పురుళ్ల రేటో వలసో తప్పు పట్టారన్నమాట. ఓటర్ల జాబితాను వాడేవాళ్లున్నారు. ఊరు విడిచినా పేరు తీయించుకోనివారు అందులో ఉంటారు, వలస కొలవడానికి అది పనికిరాదు.

ఎంపీ సీట్లు, కేంద్ర నిధులు ఈ అంచనాలతోనే పంచుతారా?

సీట్లు అంచనాలతో పంచరు, జనగణన అంకెలతోనే. రాష్ట్రాల లోక్‌సభ సీట్ల సంఖ్య 1971 జనాభా మీద ఆగి ఉంది. 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా అంతే. 15వ ఆర్థిక సంఘం నిధుల పంపకంలో 2011 జనాభాకు 15 శాతం, పురుళ్లు తగ్గించుకున్న రాష్ట్రాలకు జనాభా నియంత్రణ పనితీరు కింద 12.5 శాతం వెయిటేజీ ఇచ్చింది.

సొంతంగా జిల్లాకు లెక్క కట్టాలంటే ఏం కావాలి?

ఎక్సెల్ చాలు. ఉచితంగా దొరికే స్పెక్ట్రమ్ సాఫ్ట్‌వేర్‌లో డెమ్‌ప్రోజ్ భాగం వాడినా సరే, ఒకసారి చేత్తో కట్టిన తర్వాత వాడండి. జనగణన వెబ్‌సైట్ నుంచి వయసులకు సీ-14 పట్టిక, ఒక్కో ఏడు వయసు కావాలంటే సీ-13, వలసకు డీ-సిరీస్ దించుకోండి. బతికే నిష్పత్తులకు ఎస్‌ఆర్‌ఎస్ లైఫ్ టేబుళ్లు. ఎస్‌ఆర్‌ఎస్ రాష్ట్రం దాకానే ఇస్తుంది, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ జిల్లా పత్రాల్లో టీఎఫ్ఆర్ ఉండదు. అందుకే రాష్ట్రపు వయసుల వారీ పురుళ్ల రేట్లను తీసుకుని, జిల్లాలో 0–4 పిల్లలకూ 15–49 స్త్రీలకూ ఉన్న నిష్పత్తిని రాష్ట్ర నిష్పత్తితో పోల్చి సవరించుకోవాలి.

మొదటి పరీక్షగా 2001 పట్టికతో మొదలుపెట్టి 2011కి కట్టి చూడండి. వయసుల వారీగా అసలు అంకెలతో వచ్చే తేడాలో పెద్ద భాగం వలసే, మిగతాది లెక్కింపు పొరపాట్లు. 20–34 గడుల్లో ఆ తేడా ఎటు ఉందో చూస్తే మీ జిల్లా మనుషుల్ని పంపే జిల్లానో, పిలిచే జిల్లానో తెలుస్తుంది. ఆ తేడాను వచ్చే పదేళ్లకు మొత్తంగా, ఆ పైన సగానికి తగ్గించి వాడటం సాధారణంగా అందరూ చేసే పని. చివరిగా, మీ జిల్లాల మొత్తాన్ని రాష్ట్ర అంచనాతో సరిపెట్టండి. రాష్ట్రం లోపల ఒక జిల్లాకు వచ్చినవారు ఇంకో జిల్లాలో తగ్గాలి. ఆ రెండు పక్కలూ సమానం కాకపోతే ఎక్కడో మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టారు.